సున్నా చూపించిన మీటరు, కాలిపోయిన నల్ల వైరు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది ఆదోని దగ్గర పల్లె. భజనలకు, చిన్నచిన్న ఫంక్షన్లకు మైకు సెట్టు అద్దెకిస్తుంటాను. కరెంటు లేనిచోట పనికొస్తుందని పాత ఇనుప ట్రంకు పెట్టెలో 12 వోల్టుల 42 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ, 300 వాట్ల ఇన్వర్టరు పెట్టి సొంతంగా ఒక పవర్ బాక్స్ చేసుకున్నాను. మూత మీద వోల్టులు, ఆంపియర్లు రెండూ చూపించే డిజిటల్ మీటరు బిగించాను. 100 వోల్టులు, 10 ఆంపియర్లు అని దాని మీద ఉంది. దానికి సన్న వైర్లు మూడు: ఎరుపు, నలుపు, పసుపు. లావువి రెండు: ఎరుపు, నలుపు. సన్న ఎరుపు, పసుపు కలిపి బ్యాటరీ ప్లస్‌కు, సన్న నలుపు బ్యాటరీ మైనస్‌కు ఇచ్చాను. లావు ఎరుపు బ్యాటరీ మైనస్‌కు, లావు నలుపు ఇన్వర్టరు మైనస్‌కు ఇచ్చాను. వోల్టులు సరిగ్గానే చూపించేది. ఆంపియర్లు మాత్రం ఎప్పుడూ సున్నానే. పని జరుగుతోంది కదా అని వదిలేశాను. మొన్న ఆటోలో వేసుకుని పక్క ఊరికి పోయి, ఆంప్లిఫయరు సౌండు పెంచేసరికి పెట్టెలోంచి పొగ వచ్చింది. చూస్తే సన్న నల్ల వైరు పొడవునా కాలిపోయింది. మీటరు కొన్నచోట అడిగితే పీసు డిఫెక్టు, ఇంకోటి తీసుకో అన్నారు. తప్పు మీటరుదా, నాదా?
— ఒక పాఠకుడు, ఆదోని మండలం

జవాబు: మీటరుది కాదు తమ్ముడూ. నీది కూడా సగమే. మిగతా సగం ఆ వైర్లకు రంగులు వేసినవాళ్లది. ఎరుపంటే ప్లస్, నలుపంటే మైనస్ అని అందరం నేర్చుకున్నాం. ఈ మీటర్ల లావు వైర్ల దగ్గర ఆ లెక్క నడవదు. రెండూ మైనస్ దారిలోవే. ఇంకొకడైతే ఎరుపు కదా అని లావు ఎరుపును ప్లస్‌కు తగిలించి అప్పుడే పేల్చేసుకునేవాడు. నువ్వు అంతదూరం పోలేదు, సంతోషం.

మీటరు లోపల ఆ రెండు లావు వైర్ల మధ్య ఒక లావుపాటి తీగ ముక్క ఉంటుంది. దాన్ని షంటు అంటారు. లోడు కరెంటంతా దాని గుండా పోతుంది. పోయేటప్పుడు దాని రెండు చివరల మధ్య కొన్ని మిల్లీవోల్టులు పుడతాయి. మీటరు కొలిచేది వాటినే. ఈ రకం మీటర్లు చాలావాటిలో లావు ఎరుపు లోడు మైనస్‌కు, లావు నలుపు బ్యాటరీ మైనస్‌కు పోవాలి. నువ్వు తిరగేశావు. మిల్లీవోల్టులు కూడా తిరగబడ్డాయి. తిరగబడినదాన్ని చూపించడం ఈ మీటరుకు రాదు, అందుకే సున్నా దగ్గర కూర్చుంది.

కొలత తప్పితే పోయేదేమీ లేదు. వైరు కాలింది వేరే కారణంగా. సన్న నలుపు, లావు నలుపు మీటరు లోపల ఒక్కటే. కావాలంటే మీటరు విప్పి, మల్టీమీటరు బీప్ మీద పెట్టి రెండింటినీ తాకించి చూడు, కుయ్యిమంటుంది. నువ్వు లావు నలుపును ఇన్వర్టరు వైపు, సన్న నలుపును బ్యాటరీ వైపు పెట్టావు. దాంతో ఇన్వర్టరు నుంచి తిరిగొచ్చే కరెంటుకు రెండు దారులు దొరికాయి. ఒకటి షంటు మీదుగా, ఇంకోటి ఆ పుల్ల లాంటి నల్ల వైరు మీదుగా. ఇన్నాళ్లూ ఎక్కువ భాగం షంటులోనే పోయుంటుంది. ఆటో కుదుపులకు లావు ఎరుపు వైరు బిగింపు వదులై ఉంటుంది. పెట్టె తెరిచి ఒకసారి లాగి చూడు, నా మాట నిజమో కాదో తెలుస్తుంది. పెద్ద దారి మూసుకుపోయాక బరువంతా సన్న దారి మీద పడింది. అదే సమయానికి నువ్వు సౌండు పెంచావు. ఇక అది వైరు కాదు, హీటరు.

అందుకే లోడు నడుస్తుండగా ఆంపియర్ల దగ్గర సున్నా కనిపిస్తే పని ఆపేయాలి. పని జరుగుతోంది కదా అన్న మాట మా షాపుకు వచ్చిన కాలిన మోటార్ల వెనకాల ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఇంకో సంగతి. నువ్వు సరిగ్గా కలిపి ఉన్నా ఈ మీటరు నీ పెట్టెకు చాలదు. 12 వోల్టుల మీద 300 వాట్లంటేనే 25 ఆంపియర్లు. ఇన్వర్టరు తాను తినేది కూడా కలుపుకుంటే 30 దాకా పోతుంది. 10 ఆంపియర్ల మీటరు లోపలి షంటు గుండా అంత పంపితే దాని టంకమే కరుగుతుంది. నీకు కావాల్సింది విడిగా షంటు వచ్చే 50 ఆంపియర్ల మీటరు. షంటు మీద 50 ఆంపియర్లు, 75 మిల్లీవోల్టులు అని చెక్కి ఉంటుంది. రెండు ఇత్తడి దిమ్మెలు, వాటి మధ్య ఒకటో రెండో పలకలు, చూడటానికి చిన్న నిచ్చెన లాగా ఉంటుంది. మీటరు, షంటు జోడీ తప్పకూడదు. 50 ఆంపియర్ల మీటరుకు 100 ఆంపియర్ల షంటు తగిలిస్తే ఉన్నదాంట్లో సగమే చూపిస్తుంది, నువ్వేమో లోడు తక్కువే ఉందని ఇంకా పెంచుతావు.

షంటుకు పెద్ద బోల్టులు రెండు, చిన్న స్క్రూలు రెండు ఉంటాయి. బ్యాటరీ మైనస్ నుంచి లావు వైరు ఒక పెద్ద బోల్టుకు, రెండో పెద్ద బోల్టు నుంచి ఇన్వర్టరు మైనస్‌కు. మీటరుకు పోయే సన్నవి చిన్న స్క్రూల కింద. సన్నవాటిని పెద్ద బోల్టు కింద దూరిస్తే బిగింపులో వచ్చే తేడా కూడా కొలతలో కలిసిపోతుంది. మీటరు పనిచేయడానికి కావాల్సిన సన్న నలుపును బ్యాటరీ టెర్మినల్ దాకా తీసుకుపోవద్దు. బ్యాటరీ వైపున్న షంటు చిన్న స్క్రూ దగ్గరే ఆపెయ్. అప్పుడు లావు వైరు ఊడినా అన్నీ కలిపి ఊడతాయి, సన్న వైరు మీదికి లోడు మళ్లదు. నీ పెట్టెలో జరిగినది మళ్లీ జరగకుండా ఆపేది ఈ ఒక్క పనే. మీటరుతో పాటు వచ్చిన కాగితం మీది బొమ్మ మాత్రం చూసుకో, తయారీని బట్టి రంగులు మారతాయి.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫ్యూజు అన్న మాట ఎక్కడా లేదు. ఇది మాత్రం పూర్తిగా నీ తప్పు. సన్న ఎరుపు, పసుపు వైర్లు నేరుగా బ్యాటరీ ప్లస్ నుంచి ట్రంకు మూత దాకా పోతున్నాయి. మూత తెరిచి మూసినప్పుడల్లా అవి వంగుతాయి, రేకు అంచుకు రాసుకుంటాయి. ఒకరోజు పైపొర తెగి, ఆ రేకు ఎక్కడో మైనస్‌కు తగిలి ఉంటే 42 ఏహెచ్ బ్యాటరీ వందల ఆంపియర్లు తోస్తుంది. మీటరుకు కావాల్సింది ఒక ఆంపియరులో యాభయ్యో వంతు. అయినా దాని వైరు వెనకాల నిలబడి ఉన్నది మొత్తం బ్యాటరీ. కాబట్టి ఆ సన్న ప్లస్ వైర్లు మొదలయ్యేచోట ఒక ఆంపియరు ఫ్యూజు, హోల్డరుతో సహా పెట్టు. మీటరు దగ్గర పెడితే లాభం లేదు. కాపాడాల్సింది వైరును, వైరు మొదలయ్యేది బ్యాటరీ దగ్గర. అలాగే ఇన్వర్టరుకు పోయే ప్లస్ మీద, బ్యాటరీకి జానెడు లోపల 40 ఆంపియర్ల ఫ్యూజు, 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. రెండు ఫ్యూజులూ కార్లలో వాడే రకం తీసుకో, అవి డీసీకి, అంటే బ్యాటరీ ఇచ్చే కరెంటుకు పనికొస్తాయి. ఇంటికొచ్చే ఏసీ కరెంటుకు వాడే స్విచ్చులు, ఎంసీబీలు ఇక్కడ పెట్టొద్దు. ఏసీ సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్చులో పుట్టిన మంట తనంతట తాను ఆరుతుంది. డీసీకి ఆ ఊపిరి తీసుకోవడం లేదు, మంట పట్టుకునే ఉంటుంది.

ఒక నిజం కూడా చెప్పాలి. నీకు మొన్న జరిగినదాన్ని ఈ రెండు ఫ్యూజుల్లో ఏదీ ఆపేది కాదు. కరెంటు 40 దాటలేదు, కాలింది మైనస్ వైపు. ఫ్యూజు ఉంది కదా అని కనెక్షన్ ఎట్లాగైనా ఇచ్చేయొచ్చు అనుకోకు.

ఇక నా చేతి మాట. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు ఊళ్లోకి వచ్చినప్పుడు పాత ఊళ్లో మా రివైండింగ్ షాపు మునిగింది. నీళ్లు తీసినాక కూడా కరెంటు రావడానికి రోజులు పట్టింది. మిద్దె మీద ఒక ట్రాక్టరు బ్యాటరీ మిగిలితే, మా ఆయనా నేనూ దానికి ముల్లు మీటరు ఒకటి, కారు చార్జర్లు నాలుగు తగిలించి వీధిలోవాళ్ల ఫోన్లకు చార్జింగ్ పెట్టేవాళ్లం. బురదలో నిలబడి వరుస కట్టేవాళ్లు పాపం. ఒక సాయంత్రం మీటరు స్క్రూ బిగిస్తుంటే నా చేతి రోల్డు గోల్డు గాజు ప్లస్ టెర్మినల్‌కూ, బ్యాటరీని పట్టి ఉంచే ఇనుప పట్టీకీ మధ్య పడింది. ఆ పట్టీ మైనస్‌కు ఆనుకుని ఉందని అప్పటిదాకా మేం చూడలేదు. నేను చేయి లాక్కునేలోపే గాజు ఎర్రగా కాలింది. మణికట్టు చుట్టూ ఆ గీత ఇప్పటికీ ఉంది, కొత్తవాళ్లు దాన్ని పచ్చబొట్టు అనుకుంటారు. 12 వోల్టులు షాకు కొట్టవు, నిజమే. కాల్చడానికి మాత్రం ఎక్కువ వోల్టులు అక్కర్లేదు. బ్యాటరీ ముట్టుకునే ముందు ఉంగరం, వాచీ, కడియం తీసి పక్కన పెట్టు. మెడలో గొలుసుంటే చొక్కా లోపలికి తోసేయ్. రెండు టెర్మినళ్లకూ రబ్బరు టోపీలు వేయించు, ఫ్యూజు కన్నా ముందున్న చోటును కాపాడేది అదొక్కటే.

ట్రంకు రేకులో వైరు దూరే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రామెట్ (అంచు కోయకుండా కాపాడే రింగు) ఉండాలి. సైకిలు ట్యూబు ముక్క చుట్టి సరిపెట్టొద్దు. మే నెల ఎండలో మన వైపు ఇనుప పెట్టె మీద చేయి పెట్టలేం, ఆ వేడికి అది మెత్తబడి జారిపోతుంది. లావు వైర్ల చివరలకు లగ్గులు (బోల్టు కింద పట్టే రాగి కొసలు) నొక్కించి, స్ప్రింగ్ వాషరు వేసి బిగించు. వైరు కొసకు టంకం పెట్టి స్క్రూ కింద బిగించే అలవాటు చాలామందికి ఉంది. టంకం మెత్తనిది, బిగింపు కింద మెల్లగా అణిగిపోతుంది, నాలుగు ఊళ్లు తిరిగేసరికి వదులవుతుంది. చార్జింగ్ పెట్టినప్పుడు మూత తీసే ఉంచు, ఈ బ్యాటరీలు చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతాయి.

అన్నీ కలిపాక ఒక్కసారిగా ఫ్యూజు పెట్టేయకు. 40 ఆంపియర్ల ఫ్యూజు ఉండాల్సినచోట మొదట ఒక 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటరు బల్బు తగిలించు. ఇన్వర్టరు స్విచ్చు ఆఫ్‌లో ఉండాలి. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతే మంచిది, ఇన్వర్టరు లోపలి కెపాసిటర్లు నిండాయని అర్థం. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉంది. ఏమీ కాలదు, రెండు ఆంపియర్ల లోపే పోతుంది, తీరిగ్గా వెతుక్కోవచ్చు. మీటర్ల రేటు కన్నా ఈ బల్బు రేటు చాలా తక్కువ.

ప్రశ్న: అమ్మా, నేను ప్రొద్దుటూరు అమ్మాయిని, కడపలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. నాలుగు లిథియం ఫాస్ఫేట్ సెల్స్ (20 ఏహెచ్), వాటిని కాపాడే బీఎమ్ఎస్ బోర్డు పెట్టి చిన్న పవర్ బాక్స్ చేశాను. రౌటరుకు, లైటుకు వాడతాను. సెలవులకు ఇంటికి పోయి రెండు నెలల తర్వాత వచ్చి చూస్తే పూర్తిగా చచ్చిపోయింది. ఏమీ ఆన్ చేసి పెట్టలేదు, వోల్టు మీటరు మాత్రమే వెలుగుతూ ఉండేది. బ్యాటరీ బాగా దిగితే బీఎమ్ఎస్ ఆపేయాలి కదా?

జవాబు: ఆపేసే ఉంటుందమ్మా, తనకు కనిపించినంతవరకు. నీ మీటరు నల్ల వైరు ఎక్కడ కలిపావో చూడు. నేరుగా సెల్స్ మైనస్‌కు ఇచ్చి ఉంటావు. మామూలుగా దొరికే బీఎమ్ఎస్‌లు మైనస్ వైపే తెంచుతాయి. బీ మైనస్ అని రాసి ఉన్న చోటు సెల్స్ వైపు, పీ మైనస్ అని ఉన్నది బయటికి. మీటరు బీ మైనస్ మీద ఉంటే గేటు మూసినా అది గోడ లోపలే ఉండి తాగుతూ ఉంటుంది.

ఎంత తాగుతుందో లెక్క వేద్దాం. ఈ మీటర్లు సుమారు 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటాయి. రోజుకు 24 గంటలు, అంటే 0.48 ఏహెచ్. 20 ఏహెచ్ బ్యాటరీకి 41 రోజులు. నువ్వు పోయింది రెండు నెలలు. చిన్న 7 ఏహెచ్ బ్యాటరీ అయితే 15 రోజులు కూడా ఆగదు.

నల్ల వైరును పీ మైనస్‌కు మార్చు. ఎర్ర వైరు మీద ఫ్యూజు, పై జవాబులో చెప్పినట్టే. దాని తర్వాత ఒక నొక్కుడు బటన్ పెట్టు, నొక్కినప్పుడే మీటరు వెలగాలి. డిజిటల్ అంకెలు ఎప్పుడూ వెలుగుతూ ఉంటే అందమే, కాదనను. పెళ్లి ఇంటి సీరియల్ సెట్లకు బాగుంటుంది.

చచ్చిన సెల్స్‌ను ఉన్నపళంగా చార్జరుకు పెట్టకు. ఒక్కో సెల్ వోల్టేజీ విడిగా చూడు. ఈ సెల్స్ 2.5 వోల్టుల కన్నా కిందికి దిగకూడదు. 2 కన్నా కింద ఉన్నవాటిని, ఉబ్బినవాటిని పక్కన పెట్టెయ్, డబ్బులు పోయినా సరే. హాస్టలు గదిలో వాటి మీద ప్రయోగాలు వద్దు, నీ పక్క మంచం మీద ఇంకొకరి పిల్ల పడుకుంటుంది.

ఇంకొకటి కూడా గుర్తుంచుకో. ఈ సెల్స్ సగం నిండి ఉన్నా, ముప్పావు నిండి ఉన్నా వోల్టులు దాదాపు ఒకటే చూపిస్తాయి, చివర్లో మాత్రం ఒక్కసారిగా పడిపోతాయి. ఎంత మిగిలిందో తెలియాలంటే వోల్టు మీటరు చాలదు. పోయిన, వచ్చిన ఆంపియర్ అవర్లను లెక్కపెట్టే రకం మీటరు కావాలి.

ప్రశ్న: మేడమ్, అనంతపురంలో రాత్రిపూట తోపుడు బండి మీద దోసెలు వేస్తాను. బండి కింద ఇన్వర్టరు, బ్యాటరీ ఉన్నాయి. ఎంత వాడుతున్నానో తెలుసుకుందామని రింగు కాయిల్‌తో వచ్చే 230 వోల్టుల మీటరు పెట్టించాను. వోల్టులు చూపిస్తోంది, వాట్లు మాత్రం సున్నా. లైట్లు, మిక్సీ తిరుగుతూనే ఉన్నాయి.

జవాబు: ఈ నెల అంతా సున్నాలే వచ్చాయి. అన్నా, రింగులోంచి రెండు వైర్లూ కలిపి దూర్చారు. పోయే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, రింగుకు ఏమీ కనపడదు. ఇన్వర్టరు ఆపి, ప్లగ్గు పీకి, ఒక్క వైరునే రింగులోంచి పంపండి. ఆ రింగును బ్యాటరీ వైరుకు వేస్తే కూడా పనిచేయదు, మారుతూ ఉండే కరెంటే దానికి తెలుస్తుంది.

నాకు టెన్షన్ అంతా మీ మీటరు వెనక వైపు గురించి. అక్కడి స్క్రూల మీద 230 వోల్టులు ఉంటాయి. చిన్న ఇన్వర్టరు కదా అని దాంట్లో చిన్న షాకు ఉండదు. దోసె పిండి తడి చేతులు, నీళ్ల బక్కెట్, ఇనుప బండి, అన్నీ ఒకేచోట. మీటరు వెనక మూసిన ప్లాస్టిక్ పెట్టె ఉండాలి. 230 వైర్లు, బ్యాటరీ వైర్లు ఒకే గొట్టంలో పోకూడదు, మధ్యలో అడ్డు పలక పెట్టించండి. ఇన్వర్టరు అవుట్‌పుట్‌లో ఒక వైరును న్యూట్రల్ అనుకుని బండి ఇనుముకు కలపొద్దు. చౌక ఇన్వర్టర్లలో చాలావాటికి రెండు వైర్లూ లైవే, టెస్టరు పెడితే రెండుచోట్లా వెలుగుతుంది. బండిని తాకితే చిమచిమ అంటోందని మీరు రాయలేదు. అంటుంటే మాత్రం ఈ పత్రిక పక్కన పెట్టి ముందు ఇన్వర్టరు ఆపండి, ఎలక్ట్రీషియన్‌ను బండి దగ్గరికే పిలిపించండి.

ప్రశ్న: పాత స్టెబిలైజరులోంచి తీసిన ముల్లు మీటరు ఉంది, 0 నుంచి 300 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీ పెట్టెకు పనికొస్తుందా?
— గుంతకల్లు

జవాబు: రాదు. అది ఏసీ మీటరు. పైగా 300 స్కేలు మీద 12 ఎక్కడుంటుంది? ముల్లు నిద్రలో కదిలినట్టు కదులుతుంది, అంతే. ఇన్వర్టరు 230 వైపు పెట్టుకోవచ్చు, వెనక స్క్రూలు కప్పి. వద్దనుకుంటే పాత సామాన్ల బండికి వేయకండి. గాజు పగలకుండా ఉంటే పాత స్టెబిలైజర్లు బాగుచేసేవాళ్లు ఎవరైనా తీసుకుంటారు. నేనైనా తీసుకుంటాను.